కంచె అవతలి కోళ్ళ కాక

పోయిన వారం గోదావరిఖని నుంచి ఫోన్ వచ్చింది. మేము పాత క్వార్టర్‌లో ఉన్నప్పుడు మూడిళ్ళ అవతల ఉండే ఆమె చేసింది.

"అక్కా, కోళ్ళ కాక పోయిండు."

"ఎప్పుడు?"

"రాత్రి పండుకున్నోడు పొద్దుగాల లేవలే. గంతే."

నేను జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. సరేనని ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన మూడు హుక్కులూ కుట్టేశాను. దారం కూడా తెగలేదు.

సాయంత్రానికి ఆ క్వార్టర్ల లైన్ వాళ్ళంతా ఫోన్లలో ఆయన ఫోటో పెట్టుకున్నారు. పెద్దదిక్కు పోయిందని ఒకరు, అందరి మంచి కోరిన మనిషని ఒకరు రాశారు. చదివితే నాకు ఒళ్ళు మండింది. ఆయన ఎవరి మంచీ కోరలేదు. ఆయన కోరిందల్లా ఆయన కోళ్ళ మంచి. ఏడేళ్ళు కంచెకు ఇవతల బతికినదాన్ని, నాకు తెలుసు.

మా ఆయన బొగ్గుబాయిలో పని చేసేవాడు. తెలంగాణ రావడానికి తొమ్మిదేళ్ళ ముందు మాకు ఆ లైన్‌లో కంపెనీ క్వార్టర్ దొరికింది. రెండు గదులు, వెనక ఇంత ఖాళీ జాగా. పక్క క్వార్టర్ కోళ్ళ కాక కొడుకు పేరు మీద ఉండేది. ఆయన అప్పటికే రిటైరై భార్యతో కలిసి కొడుకు దగ్గరే ఉండేవాడు. రెండు ఇళ్ళ జాగాల మధ్య నడుమెత్తు కంచె. బాయి మీద అరిగిపోయిన కన్వేయర్ బెల్టును ముక్కలుగా కోసి నిలబెట్టి కట్టిన నల్లటి కంచె.

మేము సామాను దించుతుంటే ఆయన కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మమ్మల్ని చూడలేదు. ఆకాశం చూస్తున్నాడు.

"కోళ్ళు దెచ్చిండ్రా?"

"రెండు పెట్టలున్నయ్ కాకా" అన్నాను.

"మీయి మీ దిక్కే ఉండాలె. బట్టలు కంచె మీద ఆరెయ్యద్దు, నా కోళ్ళు బెదురుతయ్. కూర దెచ్చుకుంటె బొక్కలు బయట పారెయ్యద్దు, గద్దలొస్తయ్. ఎర్కైందా?"

మీరెవరు, ఏ ఊరు, పిల్లలెందరు అని అడగలేదు. తలకాయ దించకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మెడ ఎప్పుడూ కొంచెం వెనక్కి వాలి ఉండేది. ముప్పై ఏళ్ళు బాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ముందుగా కర్రతో కప్పును తట్టి, వచ్చే చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో, లోపల బోలుగా ఉందో చెప్పాలట. గట్టిదని ఆయన చెప్పిన చోట కప్పు కూలలేదని మా ఆయన అనేవాడు. కావచ్చు. బాయిలోంచి బయటపడ్డాక కూడా ఆ మెడ కిందికి దిగలేదు. బజారులో ఎదురొచ్చేవాళ్ళను తానే గుద్దుకుని, "మీద సూస్కో" అని వాళ్ళనే తిట్టేవాడు. అది ఆయన ఊతపదం. కోడలు నీళ్ళు ఒలకబోసినా, కొడుకు డ్యూటీకి ఆలస్యమైనా, ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ఒకటే మాట. మీద సూస్కోవద్దా మరి?

ఆయన వెనక జాగా చూడటానికి పక్క లైన్ల నుంచి కూడా వచ్చేవాళ్ళు. బ్లాస్టింగులో వాడి పారేసిన రంగురంగుల వైర్లు మా దగ్గర ఇంటింటికీ ఉండేవి. ఆడవాళ్ళం వాటితో బుట్టలు అల్లేవాళ్ళం. ఆయన ఆ వైర్లను ఇంటి గోడ నుంచి కంచె దాకా, కంచె నుంచి జామచెట్టు దాకా అడ్డంగా నిలువుగా లాగి, చివర గూడున్న కొస తప్ప జాగా అంతటికీ పందిరి కట్టాడు. మధ్యమధ్యలో పగిలిన అద్దం ముక్కలు, పాత క్యాసెట్ల టేపు. గాలి వస్తే ఆ టేపు బుయ్యిమని ఒకటే మోత. మధ్యాహ్నం కాసేపు కన్ను మూద్దామంటే కుదిరేది కాదు. ఒకసారి అడిగాను. "నిద్రవోవుడు నీకు, సచ్చుడు నా కోడిపిల్లలకు. ఏది ముఖ్యం?" అన్నాడు. హాస్యానికి కాదు, నిజంగానే అడిగాడు.

పందిరి కింద నులక మంచం, మంచం మీద ఆయన, ఒళ్ళో ఒడిసెల. కంకర రాళ్ళు ఏరి డబ్బా నిండా పెట్టుకునేవాడు. దూరంగా గద్ద కనిపిస్తే నాలుకతో టక్కుటక్కుమనేవాడు. పెట్టలు, పిల్లలు, పుంజు అన్నీ ఉరికొచ్చి మంచం కింద దూరేవి. నా పెట్టలు కూడా ఆ చప్పుడుకు పరుగెత్తేవి, మా మెట్ల కిందికి.

పక్షుల సంగతి ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అది ఒప్పుకోవాలి. కోడలికి చెబుతుంటే కంచె ఇవతల నాకు వినబడేది. "గద్ద తోక సీలి ఉంటది సూడు. అది సోమరిది. పారేసిన పేగులు, సచ్చిన ఎలుకలు ఎతుక్కుంటది, సందు దొరికితె పిల్లనెత్కపోతది. దాని నీడ ముందుగాల భూమ్మీద వడుతది, తల్లి సూసి మొత్తుకుంటది. డేగ గట్ల గాదు. చెట్టు సాటుకెల్లి అడ్డంగ వస్తది. నీడ సుత వడది." ఆ మాటలు విని నేను నా కోళ్ళను జాగ్రత్త చేసుకున్నాను. ఆయన వైర్ల పుణ్యాన నా జాగాలోకి కూడా గద్దలు దిగేవి కావు. ఒక్కనాడూ ఆయనకు ఆ మాట చెప్పలేదు. చెప్పాలనిపించేలా ఆయన ఉండలేదు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయ్యేది. నేల అదిరి, గూట్లో గిన్నెలు గల్లుమనేవి. ఊరి మీద గద్దలన్నీ ఒక్కసారి లేచి తిరిగేవి. ఆ పది నిమిషాలూ ఆయన జాగా మధ్యలో రెండు చేతులూ చాచి నిలబడేవాడు, చుట్టూ కోళ్ళు. ఎండయినా వానయినా అంతే.

ఇక అనుమానాల సంగతి. గుడ్లు మాయమైతే ఎదురింటివాళ్ళు దొంగిలించారని లైనంతా వినబడేలా తిట్టాడు. వారానికి గూట్లో జెర్రిపోతు దొరికింది. పుంజు చచ్చిపోతే చివరింటి ఆమె మందు పెట్టిందన్నాడు. ఆ నెల ఊళ్ళో కోళ్ళన్నీ రోగంతో చచ్చాయి. ఒక ఏడాది పిల్లలు పతంగులు ఎగరేస్తుంటే, గద్దల్ని పిలవడానికే ఎగరేయిస్తున్నారని వాళ్ళ తండ్రుల మీదికి పోయాడు. ఏ ఒక్కరికీ తప్పైందని చెప్పలేదు.

ఒకరోజు ఒడిసెల రాయి వచ్చి మా బిడ్డ ఆడుకుంటున్న చోటికి రెండడుగుల దూరంలో పడింది. దానికప్పుడు మూడేళ్ళు. రాయి చేతిలో పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళాను.

"కాకా, గిది పోరి తలకాయకు తాకితె ఏమైతుండె?"

"తాకిందా?"

"తాకలే."

"మరి గా రాయి ఇటియ్యి. మంచిగ గుండ్రంగున్నది."

ఇచ్చి వచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళకు నాకు అయిదో నెలలో కడుపు పోయింది. దవాఖాన నుంచి వచ్చి, వెనక జాగాలో మంచం వేసుకుని ఎండకు పడుకున్నాను. కంచె అవతల ఆయన దగ్గరికి ఎవరో కోడిని తీసుకొచ్చారు. పొదుగుతుందా అని ఈయన అడిగాడు. పోయినసారి సగంలో లేచిందని వచ్చినతను చెప్పాడు.

"గట్లనా. ఐతె గిది మా పక్కింటామె లెక్క" అన్నాడు ఆయన. "పొదుగుడు శాతగాదు, నడుమల్నే లేస్తది."

లోపలి నుంచి ఆయన భార్య, "మెల్లగనయ్యా, ఇనవడుతది" అంది.

"ఇననియ్యి."

నేను లేచి లోపలికి వెళ్ళాను. మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన బాధపడేవాడు, ఆపైన "ముసలోనితోని మనకేంది" అనేవాడు. నాకు బాధపడే మనిషి అక్కర్లేదప్పుడు.

కొన్ని నెలలకు తెలంగాణ కోసం పెద్ద సమ్మె మొదలైంది. బాయిలన్నీ బందు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ లేదు, పొద్దున షిఫ్టు సైరన్ లేదు. మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరో, చౌరస్తాలో టెంటు కిందో ఉండేవాళ్ళు. మా ఆయన పని లేక రోజూ గోదావరికి పోయి చేపలు తెచ్చేవాడు. కోళ్ళ కాక కూడా పొద్దున గంటసేపు టెంటు దగ్గర కూర్చునేవాడు. ఆయన భార్య, కోడలు ఆ వేళ వంటింట్లో ఉండేవాళ్ళు. జాగాకు కాపలా లేని సమయం అదొక్కటే.

అప్పుడు ఆయన దగ్గర ఎర్రపెట్ట ఒకటి పదకొండు పిల్లల్ని దింపింది. వాటిని చూసి ఆయన మురిసిపోయేవాడు. పేరు పెట్టి పిలవడమొక్కటే తక్కువ.

నేను చేపలు కడిగి, ఆ పేగులూ మొప్పలూ ఆకులో చుట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళాను. కోళ్ళ గూడు జాగా చివర, వైర్ల పందిరికి బయట ఉండేది. దాని మీద రేకు. ఆ రేకు మీదికి విసిరేశాను. కొన్ని జారి కింద పడ్డాయి. నా వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికే మటన్ దుకాణాల వైపు నుంచి ఒక గద్ద వచ్చింది. కింద పడిన ముక్కల కోసం కోడిపిల్లలు పందిరి దాటి ఉరికాయి. గద్దకు రేకు మీద పేగులు దొరికాయి, నేల మీద పిల్ల దొరికింది.

అలా అయిదు రోజులు వేశాను. రెండో రోజు నుంచి గద్దలు ముందే వచ్చి జామచెట్టు మీద కాచుకునేవి. పదకొండు పిల్లలు నాలుగయ్యాయి. రోజూ టెంటు నుంచి వచ్చి ఆయన లెక్క చూసుకుని, "ఎట్ల వస్తున్నయ్? ఎటుకెల్లి వస్తున్నయ్?" అని వైర్లన్నీ పట్టి గుంజి చూసేవాడు. కొత్త వైర్లు కట్టేవాడు. అన్నం తినలేదని ఆయన భార్య నాతో చెప్పింది. నాకు సంతోషమైంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా సంతోషమైంది.

ఆరో రోజు పేగులు విసిరి ఇలా లోపలికి వచ్చానో లేదో, ఆయన టెంటు నుంచి తొందరగా వచ్చేశాడు. రేకు మీద ఒక గద్ద వాలి ఉంది, ఇంకొకటి పైన తిరుగుతోంది. కింద ఒక పిల్ల. ఆయన ఒడిసెల కోసం ఆగలేదు. ఉరికి, వంగి పిల్లను దొరకబట్టుకున్నాడు. పట్టుకుని, అలవాటు కొద్దీ మొహం పైకెత్తాడు. పైనున్న గద్ద రేకు మీది పేగుల కోసం సర్రున దిగుతోంది. దాని కాలిగోళ్ళు ఆయన కుడికంట్లో దిగాయి.

ఆయన కేక పెట్టలేదు. ఒక చెయ్యి కంటి మీద అదిమిపెట్టి, రెండో చేతిలో కోడిపిల్లతో అలాగే నిలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం ముంజేతి మీదికి కారింది. పిల్ల కిచకిచమంటోంది. నేను కిటికీ దగ్గర కదలకుండా ఉన్నాను. ఆయన భార్య బయటికి వచ్చి చూసి మొత్తుకుంది. అప్పుడు, ఆ అరుపు విన్నాకే తెలిసినదానిలా బయటికి ఉరికాను.

మా ఆయనే ఆటో తెచ్చి కంపెనీ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి నుంచి కరీంనగర్ పంపించారు. కన్ను దక్కలేదు.

రెండు వారాల తర్వాత కంటికి పట్టీతో వచ్చాడు. ఇంట్లోకి పోకుండా తిన్నగా గూడు దగ్గరికి పోయి, రేకు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా రాశాడు. చేతికి ఎండిన చేప పొలుసులు అంటుకున్నాయి. వాసన చూసుకున్నాడు. నా కిటికీ వైపు తిరిగాడు.

సమ్మె ఇంకా నడుస్తోంది, మగవాళ్ళంతా లైన్‌లోనే ఉన్నారు. సాయంత్రం అందర్నీ పిలిచాడు. యూనియన్‌లో తిరిగిన ఒక పెద్దాయన ఉండేవాడు, లైన్‌లో ఏ తగువైనా ఆయనే చెప్పేవాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"గీ పొలుసు సూడుండ్రి" అన్నాడు కోళ్ళ కాక, చెయ్యి చాచి. "మా ఇంట్ల నెల దినాలాయె చాపకూర లేక. ఆమె ఇంట్ల రోజు చాపలే. ఆమెనే ఏసింది. ఏసి గద్దలను అలవాటు జేసింది. నా పిల్లలు గట్లనే వోయినయ్, నా కన్ను గట్లనే వోయింది."

ప్రతి మాటా నిజం. చూసినట్టే చెప్పాడు.

జనంలో ఎవరో నవ్వారు. "గద్ద నోట్లకెల్లి జారి వడ్డయేమో కాకా" అన్నాడొకడు. ఎదురింటాయన లేచి, "మేం గుడ్లు దొంగతనం జేసినమన్నవ్. జెర్రిపోతు దొరికింది. పతంగులు గద్దలను పిలుస్తయన్నవ్. ఇప్పుడేమో గీమె" అన్నాడు. చివరింటి ఆమె కూడా తన పాత బాధ చెప్పుకుంది. మాట ఎటో పోయింది. పెద్దాయన చెయ్యెత్తి అందర్నీ ఆపి నన్నడిగాడు.

"నువ్వేమంటవ్ బిడ్డా?"

మా బిడ్డ నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. దాని తల మీద చెయ్యి పెట్టాను.

"నేనెందుకేస్త పెద్దయ్యా. నా బిడ్డ మీద ఒట్టు."

మా ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. రోజూ ఆ చేపలు తెచ్చింది ఆయనే. పేగులు ఎక్కడ పారేస్తున్నావని ఆ రోజు అడగలేదు, తర్వాతా అడగలేదు.

మర్నాడు కంచె దగ్గర ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకు బిడ్డా. కన్నుతోటి సోయి సుత పోయింది ఈనకు" అని ఏడ్చింది. పోనీలే చిన్నమ్మా అని నేనే ఓదార్చాను. ఆ వారమే మా బిడ్డకు జ్వరం వచ్చింది. తగ్గితే అందరి ముందూ నిజం చెప్పేస్తానని మొక్కుకున్నాను. రెండు రోజులకు తగ్గింది. నేను చెప్పలేదు.

ఆయన మాత్రం ఊరుకోలేదు. నెల రోజులు, నేను బయట కనబడితే చాలు, కంచె దగ్గరికి వచ్చి "నువ్వే" అనేవాడు. ఆ ఒక్క మాటే. నేను పలికేదాన్ని కాదు. కొడుకు ఆయన మీద కోప్పడ్డాడు, కోడలు ఆయనతో పలకడం మానేసింది. మెల్లమెల్లగా ఆయన గొంతు తగ్గింది.

తర్వాతి ఏడాది మా ఆయనకు మందమర్రి బదిలీ అయింది. లారీలోకి సామాను ఎక్కిస్తున్నాం. నేను వెనక జాగాలో మిగిలిన బుట్టలు తీసుకుంటుంటే ఆయన కంచె దగ్గరికి వచ్చాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

"ఓ పిల్లా, పోతున్నరు గదా" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, అడుక్కుంటున్నట్టు ఉంది. "ఇప్పుడన్న జెప్పు. ఎవ్వలకు జెప్ప. పంచాది లేదు, ఏం లేదు. ఇంట్ల అందరు నాకు పిచ్చి లేసిందంటున్నరు. నాకు సుత గట్లనే అనిపిస్తాంది. నువ్వే ఏసినవ్ గదా?"

నేను ఔనని ఉంటే సరిపోయేది. తల ఊపినా సరిపోయేది. లారీ కదలబోతోంది, మళ్ళీ ఆ మొహం చూసే పని లేదు. భయపడి కాదు నేను చెప్పనిది. ఆయనకు అది ఎంత కావాలో కనబడింది. అందుకే ఇవ్వలేదు.

"నేనెయ్యలే కాకా" అన్నాను.

ఆయన "గట్లనా" అని, బెల్టు కంచె మీది నుంచి చెయ్యి తీసేసుకున్నాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆ లైన్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఊరంతా ఇంకా తోరణాలున్నాయి. పాత ఇల్లు చూద్దామని వెనక వైపు నుంచి నడిచాను. కోళ్ళ కాక జాగాలో వైర్లు లేవు, గూడు లేదు. గూడు ఉన్న చోట కొడుకు బండి పెట్టుకున్నాడు. నన్ను చూసి ఆయన భార్య చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది.

"కోళ్ళేవి చిన్నమ్మా?"

"మీరు వోయిన వారానికే అన్నిట్ని ఎవ్వలెవ్వల్కో ఇచ్చేసిండు. లేనిది ఉన్నట్టు కనవడుతాంది నాకు, గిసొంటోడు కోళ్ళనేం కాస్తడు అన్నడు. బయటికి సుత రాడు."

ముందుగదిలో కిటికీ మూసేసి ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని నేల చూస్తున్నాడు. మెడ సన్నగా, ముందుకు వంగిపోయి ఉంది.

"ఎవ్వలు?" అన్నాడు.

"మన పక్కింటామె. మందమర్రి పోయిండ్రు గదా, ఆమె" అంది భార్య.

ఆయన కుర్చీ పట్టుకుని లేవబోయాడు. లేవలేకపోయాడు.

"బిడ్డా, నీ మీద నిందేసిన" అన్నాడు. "పదిమందిల నిలవెట్టిన. పసిపోరి మీద ఒట్టేయించిన. నా తలకాయ మంచిగ లేకుండె. తప్పయింది. మనసుల వెట్టుకోకు."

ఆయన భార్య చాయ గ్లాసు పట్టుకుని నా పక్కనే నిలబడి, నేనేమంటానోనని నా మొహంలోకి చూస్తోంది.

"పోనియ్ కాకా. నేనెన్నడో మర్చిపోయిన" అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. నేను వద్దనలేదు. చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, బస్సు టైమైందని చెప్పి వచ్చేశాను.